బయ్యమ్మ రెండో ఆవు

"ఆయప్పకు ఓపిక లేదు సార్. అదీ అసలు జబ్బు" అంది సోఫియా ఫోన్లో.

"ఆ మేడమ్ మిషన్‌కు చెవుడు సార్. అదీ అసలు జబ్బు" అన్నాడు దిలీప్ అదే కాల్‌లో.

మదనపల్లె పశు బీమా సంఘం మేనేజరు గంగులయ్య తల పట్టుకున్నాడు. సంఘం లెక్కలన్నీ మోస్తున్న పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు పక్క గదిలో ఏసీ చలికి హాయిగా గుర్రుపెడుతోంది. ఆఫీసులో అందరికీ అది పెద్ద మిషన్. దాని బాగోగులు చూసే సోఫియా ఈమధ్యే పెళ్లి చేసుకుని పుంగనూరులో కాపురం పెట్టింది. ఇంటి నుంచే పని. రైతుల ఫోన్ల కోసం కొత్త వెబ్ సర్వీసు తయారుచేస్తున్న దిలీప్ బెంగళూరు కంపెనీ మనిషి, సొంతూరు కుప్పం. పెద్ద మిషన్‌నూ వెబ్ సర్వీసునూ సాయంత్రంలోగా కలపాలి. కలవకపోతే మిషన్ ఆపేసి, సెక్షన్ ఎత్తేసి, గంగులయ్యను విజయవాడ పంపుతానని ఛైర్మన్ తేల్చి చెప్పాడు. మదనపల్లె చల్లగాలికి అలవాటుపడ్డ ప్రాణం. విజయవాడ అన్న మాట వినగానే గంగులయ్యకు చెమటలు పట్టాయి.

ఛైర్మన్ ఇంకో మాట కూడా అన్నాడు. "మన మనిషీ, ఆ కంపెనీ మనిషీ కుమ్మక్కయినారంటే ఇద్దరినీ తప్పిస్తా."

"కుమ్మక్కా సార్! ఒకరినొకరు కొట్టుకోకుండా ఉంటే సాలు" అన్నాడు గంగులయ్య.

అసలు గొడవ ఆవుతో మొదలైంది. శాంతిపురం బయ్యమ్మకు ఉన్నది ఒకే ఒక పొట్టి పుంగనూరు ఆవు. పరీక్ష కోసం దాని బీమాను కొత్త దారిలో పంపితే ఆమె ఫోన్లో రెండు ఆవులు కనబడ్డాయి. పొద్దున్నే గంగులయ్యకు ఫోన్ చేసింది.

"అప్పా, నాకు రెండో ఆవు వచ్చిందంట గదా. ఎప్పుడొచ్చి తోలుకుపోవల్ల?"

"అది ఉత్త తప్పమ్మా. ఆవు లేదు, ఏం లేదు."

"పాలిచ్చేదేనా?"

"లేని ఆవు పాలెట్లిస్తాదమ్మా!"

ఆ కోపమంతా గంగులయ్య కాల్‌లో చూపించాడు. "ఒక ఆవు రెండెట్లయిందమ్మా సోఫియా?"

"వాళ్ల వెబ్ సర్వీసు అడుగుతాది, మన మిషన్ నింపాదిగా రాసుకుంటాది సార్. జవాబు పోయేలోగా అది మళ్లీ అడుగుతాది. ఇది మళ్లీ రాసుకుంటాది. అడిగినాక కాసేపు ఊరుకుంటే ఏం పోయిందంట?"

"పలక్కుంటే ఎవురైనా రెండోసారి అడుగుతారు సార్. 'ఊఁ' అనేదానికి కూడా బద్ధకమా?"

"సూడండి సార్, నన్ను బద్ధకం అంటాండాడు!"

"మిషన్‌ను అన్నా మేడమ్."

"ఉండమ్మా" అన్నాడు గంగులయ్య. "నీ మాట రెండేసి సార్లు వినబడతాందే, యాల?"

"మీ ఆఫీసు ఫోను పాతది సార్" అంది సోఫియా. కాసేపటికి సరిగానే వినబడింది.

ఆమె నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు దిలీప్ గొంతు తగ్గించాడు. "సార్, ఆ మేడమ్‌ను కట్టుకున్నోడు ఎవుడో గానీ, పాపం సార్."

"అట్లనద్దప్పా. కొత్తగా పెళ్లయిన పిల్ల."

"అందుకే పాపం అంటాండా. వాడికింకా అలవాటై ఉండదు."

ఆమె రాగానే గంగులయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఇంట్లో మీ ఆయనతో గూడా ఇట్లే జగడమాడతావామ్మా?"

"ఇంకా ఎక్కువే సార్. కానీ ఆయన నవ్వుతాడు." ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు ఎంత తియ్యగా అయిందంటే, ఇదే పిల్ల ఇంతసేపూ కారాలు మిరియాలు నూరిందా అని గంగులయ్యకు అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి కాల్‌లో ఇద్దరూ మాయమయ్యారు. గంగులయ్య తన ఫోన్‌నే తిట్టుకున్నాడు. భోజనాల వేళ దాటాక ఇద్దరూ మళ్లీ వచ్చారు. కడుపులు నిండినట్టున్నాయి, గొంతులు మెత్తబడ్డాయి.

"సార్, ఒక ఆలోచన" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీరు చెప్పండి మేడమ్."

"పర్వాలేదు, మీరే చెప్పండి సార్."

గంగులయ్య తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు.

"అడిగే ప్రతిదానికీ ఒక టోకెన్ ఇస్తాం సార్" అన్నాడు దిలీప్. "తొందరపడి మళ్లీ అడిగినా పాత టోకెన్‌తోనే అడుగుతాం."

"వచ్చిన టోకెనే మళ్లీ వస్తే మన మిషన్ కొత్తగా రాయదు సార్" అంది సోఫియా. "ముందు రాసిందేందో అదే చెప్తాది. ఆలస్యమయ్యేట్టుంటే 'ఉండు, చూస్తాండా' అని ముందే పలుకుతాది."

మార్పులు చేశారు, తప్పుగా పడ్డ ఆవును తీసేశారు, బయ్యమ్మ బీమాను మళ్లీ పంపారు. గంగులయ్య ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

"అప్పా! నా రెండో ఆవు పూడ్సిందే!" అని గోలపెట్టింది బయ్యమ్మ.

"పోయిందా! బతికిస్తివి తల్లీ!"

"నా ఆవు పోతే నీకేందప్పా అంత సంతోషం?"

ఇంకో పది మంది రైతులవి పంపి చూశారు. ఎవరి ఆవులు వారికే, ఉన్నన్నే కనబడ్డాయి. ఛైర్మన్ "శభాష్" అన్నాడు. విజయవాడ ఊసెత్తలేదు. గుండె మీది బండ దిగిపోయిన గంగులయ్య భార్య గౌరమ్మకు ఫోన్ చేసి సాయంత్రానికి పాయసం చెయ్యమన్నాడు. ఆ ఊపులోనే వీడియో కాల్ పెట్టాడు.

"ఇంత పని చేసినోళ్ల మొగాలు సూడకుంటే ఎట్ల? కెమెరాలు పెట్టండి."

"కెమెరా పాడైంది సార్" అన్నారు ఇద్దరూ.

"ఇద్దరివీనా? నాకు కథలు చెప్పద్దు, పెట్టండి!"

కాసేపు తటపటాయించి పెట్టారు. తెర మీద పక్కపక్కనే రెండు బొమ్మలు. సోఫియా ఒళ్లో తెల్లపిల్లి ఒకటి ముడుచుకుని పడుకుంది. దిలీప్ చూపులు నేల మీద ఉన్నాయి.

"అమ్మా, ఈయప్పే కుప్పం దిలీపు. అప్పా, ఈయమ్మే మా సోఫియా. ఇంక జగడాలొద్దు. ఎప్పుడన్నా ఒకసారి కలిసి మంచిగా మాట్లాడుకోండి."

"తప్పకుండా సార్" అన్నాడు దిలీప్ వినయంగా.

"వీలు చూసుకుంటా సార్" అంది సోఫియా బెట్టుగా.

పిల్లి ఆమె ఒళ్లోంచి దూకి దిలీప్ ఒళ్లో దిగింది.