ఇనపతీగతో కట్టిన చిప్ప

పెరట్లో కొబ్బరిచిప్ప మళ్ళీ మాయమైంది.

జామకొమ్మకు పురికొస ముక్క మాత్రం వేలాడుతోంది. కత్తితో కోసినట్టుంది.

ఆ చిప్పకు చిల్లులు పొడిచి, పురికొస కట్టి వేలాడదీసింది రేవతే. పక్షులకు గింజలు పెడితే కూతురు వినీల ఆయాసం తగ్గుతుందని ఆమె నమ్మకం. రోజూ పొద్దున్నే పిల్ల చేతే అందులో నూకలు పోయించేది.

చిప్ప లేని రోజు వినీల అలిగి గది దాటేది కాదు.

పిచ్చుకల తిండి ఎత్తుకుపోయేవాడికి దేవుడంటే భయం ఉండదా? రేవతికి అంతుపట్టలేదు.

సాయంత్రం ఇంకో చిప్ప కడుతుంటే, పిట్టగోడ అవతల మామిడితోటలో ఎవరో కదిలారు.

మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కత్తి.

"పాప రేపు పొద్దున కూడా ఇక్కడికొస్తదామ్మా?"

రేవతి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీకెందుకు?"

అతనేదో చెప్పబోయాడు. తోటలోంచి ఎవరో "ఇన్నయ్యా" అని కేకేశారు. అతను వెనక్కి వెనక్కి నడిచి చెట్ల మధ్యకి వెళ్ళిపోయాడు.

రేవతి అప్పటికప్పుడే తోట కౌలుకు తీసుకున్న శేషగిరిరావు దగ్గరికి వెళ్ళి, అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. వాడింక ఈ ఛాయల్లో కనపడడు."

ఇంటికొచ్చి దేవుడికి దీపం పెట్టింది. ఈసారి చిప్పను ఇనపతీగతో బిగించి కట్టింది.

తెల్లారింది. చిప్ప ఉన్నచోటే ఉంది.

వినీల గుప్పిట నిండా నూకలు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. రేవతి నవ్వుకుంటూ పూజలో కూర్చుంది.

గోడ అవతల ఏదో మోటారు మొదలైంది.

పూత మీదున్న మామిడిచెట్ల మీంచి తెల్లటి మంచులాంటిది లేచి, గోడ దాటి, మెల్లగా జామచెట్టు మీదికి దిగింది.

పిచ్చుకల చప్పుడు ఆగిపోయింది.

రేవతి గంట కొట్టబోతూ ఆగింది. పెరట్లోంచి పిల్లనగ్రోవిలా సన్నటి కూత వినిపిస్తోంది. అది వినీల ఊపిరి.

నూజివీడు ఆసుపత్రిలో పిల్ల మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. డాక్టరు ఇంకా ఏ మాటా చెప్పలేదు.

తోటలో కూలికి వెళ్ళే మంగమ్మ ఒక సంచి తెచ్చి రేవతి పక్కన పెట్టింది. లోపల పోయిన చిప్పలన్నీ ఉన్నాయి, శుభ్రంగా తుడిచి.

"ఇన్నయ్య ఇమ్మన్నాడమ్మా. నిన్న రాత్రే ఆడిని పనిలోంచి తీసేశారు."

"ఆ దొంగేనా?"

మంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"తోటకి పురుగుల మందు కొట్టే రోజు ముందే చెబితే ఇళ్ళవాళ్ళు గొడవ చేస్తారని రావుగారు ఎవర్నీ నోరెత్తనివ్వరు. చిప్ప లేని రోజు పాప బయటికి రాదని ఇన్నయ్య కనిపెట్టాడు. మందు కొట్టే ప్రతి రోజూ చీకటితోనే వచ్చి దాన్ని కోసుకుపోయేవాడు."

"ఏ రోజు కొడతారో అతనికెలా తెలుసు?"

మంగమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నిన్నటిదాకా కొట్టింది ఆడే కదమ్మా."