రెండో గీత

పంట కొనే రైతు సంఘం తరఫున వచ్చిన స్యోంబువా మా మొక్కజొన్న పిండిని నీళ్లలో కలిపి, అందులో కాగితపు పట్టీ ముంచింది. రెండు గీతలు పడితే గింజ మంచిది. ఒక్కటే పడితే బూజు విషం ఉన్నట్టు. అమ్మకానికి కట్టిన పన్నెండు బస్తాలూ తగలబెట్టాలి.

ఒక గీత పడింది. నేను ఊపిరి బిగబట్టి పట్టీ మీదికి వంగాను.

"ఊపిరి తీసుకో అన్నా, పట్టీ ఎక్కడికీ పారిపోదులే," అందామె.

నా భార్య కలేక్యే గడపలో కూర్చుని పాపకు మొక్కజొన్న జావ తాగిస్తూ ఇటే చూస్తోంది.

చాలాసేపటికి రెండో గీత సన్నగా తేలింది. నేను బస్తాల మూతులు బిగించి కట్టసాగాను.

"ఈసారి అందరి పంటా వానకు తడిసింది. మీది ఇంత శుభ్రంగా ఎలా ఉంది వదినా?" అని స్యోంబువా అడిగింది.

కలేక్యే మురిసిపోయింది. "నెల్లాళ్లు ఒక్కో గింజా ఏరాం. నల్లబడ్డవీ, బూజు పట్టినవీ ఒక్కటి కూడా బస్తాలోకి పోనివ్వలేదు."

"ఏరినవి పారేశారా?"

"తిండిగింజలు ఎవరైనా పారేస్తారా? మంచివి అమ్మకానికి, అవి ఇంటికి. మా అత్త కాలం నుంచీ అంతేగా."

స్యోంబువా నవ్వలేదు. పెట్టెలోంచి ఇంకో పట్టీ తీసింది.

"ఇంట్లో తినేవి ఒక గుప్పెడు తీసుకురా వదినా."

పాప ఖాళీ గిన్నె చాచి, ఇంకొంచెం జావ పొయ్యమంది.