ముందుగా దిగేవాళ్లు

“కార్డు చూపించు. లేదంటే పక్కకి జరుగు,” అన్నాడు రేవు గేటు దగ్గర సెంట్రీ.

అమ్మాయి దగ్గర కార్డు లేదు. చంకలో పాలు తాగే పాప ఉంది, అంతే. వెనక్కి తిరగబోయింది.

“ఎక్కడికి?” అంది పక్కనున్న నర్సు. “పారిపోవడానికా ఇంత దూరం వచ్చాం?”

సంచిలోంచి తన కార్డు తీసి సెంట్రీ ముఖం ముందు పెట్టింది. అతను చూసి, సర్దుకుని నిలబడ్డాడు.

“మీరు వెళ్లండి మేడమ్. ఈ అమ్మాయి మాత్రం...”

“నాతో వచ్చింది. నన్ను పంపి దీన్ని ఆపుతావా? ఆపు, చూస్తాను.”

సెంట్రీ ఆపలేదు. ఆసుపత్రి కార్డుకి ఇంత విలువుంటుందని అమ్మాయికి తెలీదు. ఇస్త్రీ షాపులో పనిచేసేదానికి ఏ కార్డూ ఉండదు.

ఓడ అప్పటికే గట్టుకి ఆనుకుని ఆగింది. పైన అంచు వెంబడి నావికులు తెల్లబట్టల్లో బారులు తీరి ఉన్నారు. ఆ ఎండలో ఎవరెవరో ఆనవాలు తెలియడం లేదు. ఆ తెల్లచొక్కాల్లో ఒకదాన్ని ఆమె ఎన్నిసార్లు ఇస్త్రీ చేసిందో! చొక్కా కోసం వచ్చినవాడే మాటలు కలిపాడు. నాకు ముందూ వెనకా ఎవరూ లేరన్నాడు. ఈసారి ఓడ తిరిగొచ్చాక పెళ్లన్నాడు. కడుపుతో ఉన్నానని చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఫోనెత్తలేదు. ఆ వారమే ఓడెక్కేశాడు.

ఇదంతా పురిటి నొప్పుల మధ్య నర్సుకే చెప్పుకుంది. అతని పేరు చెప్పగానే నర్సు ముఖం కందగడ్డయింది. “వీడి తాట తీస్తాను,” అంది పళ్లు నూరుతూ. కన్నతల్లే గుమ్మం తొక్కనివ్వని రోజులవి. ముక్కూ మొహం తెలియని మనిషి తన కోసం అంత మండిపడుతుంటే అమ్మాయికి నొప్పుల్లో కూడా ధైర్యం వచ్చింది.

ఈ ఓడలవాళ్లకి ఒక ఆనవాయితీ ఉందని చెప్పింది కూడా నర్సే. తండ్రి సముద్రం మీద ఉండగా పుట్టిన బిడ్డలూ, వాళ్ల తల్లులూ తాడు కట్టిన ముందు వరసలో నిలబడతారు. ఆ తండ్రుల్ని మైకులో పేరు పెట్టి పిలుస్తారు. అందరికంటే ముందు వాళ్లే దిగుతారు. కెప్టెనయినా వాళ్ల తర్వాతే.

“చాటుగా చెయ్యి దులుపుకుందామనుకున్నాడు కదా. మైకులో పిలిపిద్దాం,” అంది నర్సు.

అమ్మాయికి మైకు అక్కర్లేదు. నలుగురి ముందూ పాపను ఎత్తుకుని, నా బిడ్డే అంటే చాలు.

తాడు దగ్గర పెద్దాఫీసరు భార్య వైర్‌లెస్ సెట్టు పట్టుకుని ఏర్పాట్లు చూస్తోంది. అమ్మాయిని ఎగాదిగా చూసింది.

“తండ్రి ఎవరమ్మా?”

అమ్మాయి పేరు చెప్పింది. “ఇంజను గదిలో పని,” అని కూడా చేర్చింది.

ఆఫీసరు భార్య చేతిలోని సెట్టు దించింది. నర్సు కేసి చూసింది. మళ్లీ అమ్మాయి కేసి చూసింది.

“సిస్టర్... ఇదంతా ఇక్కడెందుకండీ? ఇంటికెళ్లి నిదానంగా మాట్లాడుకుంటే...”

“నిదానంగా మాట్లాడే ఓపిక నాకు లేదు.”

“ఈ వరస భార్యలకే కదా. రూలు...”

“రూలు నాకు నేర్పకండి! బిడ్డ పుట్టిందా లేదా? తండ్రి సముద్రం మీద ఉన్నాడా లేదా? నా ఈ చేతుల్తోనే బయటికి తీశాను. సాక్ష్యం కావాలంటే నేనే ఉన్నాను. మీరు పిలిపిస్తారా, ఆ సెట్టు నన్ను లాక్కోమంటారా?”

చుట్టూ ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఒకావిడ పక్కావిడ చెవి కొరికింది. అందరి కళ్లలోనూ జాలి. అది చూసి అమ్మాయికి కూడా ఒళ్లు మండింది. తలొంచుకోవడానికి తానేమైనా దొంగతనం చేసిందా?

“నేను ఇక్కడి నుంచి కదలను,” అంది. గొంతు గట్టిగానే వచ్చింది.

“అదీ!” అంది నర్సు.

ఆఫీసరు భార్య నిట్టూర్చి సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది. కాసేపటికి ఓడ మీద మైకు గరగరలాడింది. కొత్త తండ్రుల పేర్లు చదివారు. చివరిది అతనిదే. పైన ఎవరో ఈల వేశారు. “ఓరి దొంగా, మాకు చెప్పనే లేదే!” అంటూ తోటివాళ్లు వీపు మీద చరిచి అతన్ని మెట్ల వైపు తోశారు.

నర్సు పాప తలమీద టోపీ సర్దింది. దాని ముడి మరీ బిగించి, మళ్లీ వదులు చేసింది. కోపంతోనే అనుకుంది అమ్మాయి.

“మీ మేలు మర్చిపోలేను అక్కా.”

“అక్కా అనకు,” అంది నర్సు కటువుగా. “కళ్లు తుడుచుకో. నువ్వు కాదు, వాడు ఏడవాలి.”

ఒకడుగు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మిగతా తండ్రులు పరుగున దిగారు. అతను మాత్రం కాళ్లీడ్చుకుంటూ, తలొంచుకుని దిగాడు. తాడు దగ్గరికి వచ్చాక ఇక తప్పక తలెత్తాడు.

“ఇదిగో, మీ కూతురు,” అంటూ అమ్మాయి పాపను అతని ముందుకు పట్టింది.

అతని చూపు పాపను దాటి, పాపను పట్టుకున్న అమ్మాయిని దాటి, ఆ వెనక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ తన భార్య దగ్గర ఆగిపోయింది.