గాలిగొట్టం బేరం

“ఇది వద్దు బావా. ఇది బిగించావంటే నీ ఇంజన్‌కి నువ్వే పాడె కట్టినట్టు.”

ఆ మాటంటూనే మెకానిక్ అబ్బులు, ఇంజన్‌కి గాలి వడకట్టే ఎర్రటి కోన్ ఫిల్టర్‌ని శ్రీరామ్మూర్తి చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టేశాడు. శ్రీరామ్మూర్తి దాన్ని మళ్లీ తీసుకుని, కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

“ఎందుకొద్దయ్యా? గాలి బాగా లాగుద్దని మొన్న నువ్వే అన్నావుగా?”

“లాగుతాది. గాలితోపాటు ఇంకేటి లాగుతాదో సెప్పనీవేటి! దీనికి మూతుండదు. బొగ్గు లారీ ఒకటి నీ ముందు పోయిందనుకో, దాని దుమ్మంతా నీ టర్బోలోకే.”

“అయితే ఆ పొడుగు గొట్టం? బంపర్ కింద నుంచి చల్లగాలి తెస్తదన్నావే.”

“వానలో రోడ్డు మీద నీల్లు నిలబడితే, సల్లగాలికి బదులు సల్లనీల్లు తాగుతాది. ఒక్క గుక్కకే ఇంజన్ పోతాది.”

“పోనీ కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా అలాగే ఉంచి, లోపలి ఫిల్టర్ ఒక్కటీ మారిస్తే?”

“అది మంచిదే...” అనేసి అబ్బులు నాలుక కరుచుకున్నాడు. “మంచిదే గానీ, దానికి రాసే నూనె ఎక్కువైతే గాలి కొలిసే సెన్సర్ పాడైపోతాది. ఆలోసించాల.”

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి టర్బో కారుకి గాలిగొట్టం కొని చూసి ఉండడు. టర్బో ఇంజన్ అంటే మామూలు ఇంజన్ కన్నా ఎక్కువ ఊపిరి పీల్చే ఇంజన్. ఆ ఊపిరి ఏ గొట్టంలోంచి రావాలన్నదే వీళ్లిద్దరి బేరం. పెళ్లిచూపుల్లో వంకలు పెట్టే మేనత్తలా అబ్బులు ప్రతి గొట్టానికీ ఓ వంక పెడుతూనే ఉన్నాడు.

శ్రీరామ్మూర్తిది గోదావరి జిల్లా. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఉక్కునగరం క్వార్టర్‌లో తను వండుకున్నది తనే తింటాడు. వారానికో సెలవు రోజు వస్తే చాలు, రెండు బస్సులు మారి పెందుర్తిలోని ఈ షెడ్డుకి వచ్చేస్తాడు.

ఇక అబ్బులు సంగతి. భార్య తాయారు పోయాక ఇల్లు ఖాళీ చేసి, షెడ్డు వెనక గదిలోనే మకాం పెట్టాడు. షెడ్డుకి జనం వస్తారు, పోతారు. బండి ఎప్పుడిస్తావని అందరూ అడుగుతారు. అన్నం తిన్నావా అని అడిగేది శ్రీరామ్మూర్తి ఒక్కడే. బేరం తేలిపోతే ఆ మనిషికి ఇటు రావాల్సిన పనేముంటుంది? అదే అబ్బులు గుండెల్లో గుబులు. అందుకే వంకలు వెతుక్కుంటాడు, దొరక్కపోతే పుట్టిస్తాడు.

బ్రేకులు చూపించుకోవడానికి కారు తెచ్చిన దేవీప్రసాద్ ఇదంతా స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. పోర్టులో సరుకు రవాణా ఆఫీసులో పని చేస్తాడు. ఓపిక తక్కువ.

“ఏటండీ బాబూ, నాను వచ్చినప్పుడల్లా ఇదే పంచాయితీ! కారు పట్టుకొచ్చేయండి. ఏదో ఒకటి బిగించేత్తాడు. అసలు మీ కారేది? ఎప్పుడూ బస్సులోనే వత్తన్నారు?”

శ్రీరామ్మూర్తి మొహం చిన్నబోయింది. ఫిల్టర్‌ని మెల్లగా బల్ల మీద పెట్టి, సంచీ భుజాన వేసుకున్నాడు.

“నిజమేనండి. నేనే నాన్చుతున్నాను. ఆ ఎర్రదే ఖాయం చేసెయ్ అబ్బులూ. నేను వెళ్తాను.”

ఇన్నాళ్లలో ఏ రోజూ శ్రీరామ్మూర్తి ‘వెళ్తాను’ అనలేదు. గుమ్మం దిగేటప్పుడు ‘వస్తాను’ అనే అంటాడు. మళ్లీ వచ్చే ఉద్దేశం ఉన్న మనిషెవడూ వెళ్తాను అనడు.

“నీ బ్రేకులేవో నువ్వు సూసుకో పెసాదూ!” అని అబ్బులు గయ్యిమన్నాడు. “ఆయన కారు, ఆయనిష్టం. బస్సులో వత్తాడో, ఇమానంలో వత్తాడో నీకేల?” గబగబా గుమ్మం దాకా వెళ్లాడు. “బావా, ఆగు. ఆ ఎర్రది నా సేత్తో నాను బిగించను. ఇంకోటుంది. డబ్బాలో మూసుంటాది, దుమ్ము రాదు. పైకుంటాది, నీల్లు రావు. వచ్చేవారానికి తెప్పిత్తాను. నువ్వే వచ్చి సూడాల.”

శ్రీరామ్మూర్తి భుజం మీది సంచీ దించాడు.

“దాని సౌండ్ ఎలా ఉంటదో?”

“కూకో. టీ తాగతా సెప్తాను.”

కూర్చున్నాడు. టీ వచ్చింది, చల్లారింది, మళ్లీ వచ్చింది. డబ్బా ఇనుముదా ప్లాస్టిక్‌దా, వేడెక్కుతుందా ఎక్కదా అని ఇద్దరూ గొంతులు పెంచి వాదించుకున్నారు. ఎండ వాలాక శ్రీరామ్మూర్తి లేచాడు.

“వస్తాను అబ్బులూ. వేళకి తిను.”

“వచ్చేవారం మరిసిపోకు బావా.”

బస్సు కదిలేదాకా అబ్బులు రోడ్డు మీదే నిలబడ్డాడు. తిరిగొచ్చి, దేవీప్రసాద్ తెచ్చిన కారు కిందకి దూరాడు.

“కోపం తెచ్చుకోకు గానీ అబ్బులన్నా,” అన్నాడు దేవీప్రసాద్ గొంతు తగ్గించి. “ఆయన కారుని ఒక్కసారైనా సూసేవా నువ్వు?”

“సూసేను” అంది కారు కింది గొంతు.

ఆ కారుని నిరుడు వేరేవాళ్లకి అమ్మిపెట్టింది అబ్బులే.