కదిలే పెదవులు

“అన్నా, ఆ ముందు నిలబడ్డవాడి నోరు చూడు,” అన్నాడు విదూషకుడు బెర్నాల్, తెర సందులోంచి.

బృందం యజమాని హినేస్ తొంగి చూశాడు. కింద నిలబడ్డ జనంలో ఒక నడివయసువాడు. రంగం మీద రాణి ఏ మాట అంటే అతని పెదవులూ అదే అంటున్నాయి.



స్పెయిన్‌లోని ఈ సెవిల్ నగరంలో నాటకం దొంగిలించడానికి గోడ దూకక్కర్లేదు. చెవులూ జ్ఞాపకమూ ఉంటే చాలు. నాలుగు ఆటలు చూసి, ఇంటికెళ్లి మొత్తం రాసి, పరాయి బృందానికి అందించేవాళ్లు ఉన్నారు. హినేస్ నాటకాలు అప్పటికే రెండు అలా పోయాయి. ఈ కొత్తదీ పోతే బృందాన్ని మూసెయ్యడమే.

ఆ బృందం అతనికి ప్రాణం. అతని మొట్టమొదటి నాటకానికి ఇదే నాటకాల ఆవరణలో జనం ఈలలు వేశారు, తాళంచెవుల గుత్తులు గలగలలాడించారు, దోసకాయలు విసిరారు. అంత గోలలోనూ తలల మీదుగా రెండు చేతులు మాత్రం ఆగకుండా చప్పట్లు కొట్టాయి. మొహం కనబడలేదు. ఆ చేతులే తనను నిలబెట్టాయని, ఆ మనిషి దొరికితే కాళ్లకు దండం పెడతానని హినేస్ తాగినప్పుడల్లా చెప్పేవాడు. వినీ వినీ బెర్నాల్‌కు విసుగెత్తింది.

అంకం అయిపోగానే ఆ మనిషిని వెనక్కి లాక్కొచ్చారు.

“ఎవడు పంపాడురా నిన్ను?” అన్నాడు హినేస్.

అతను హినేస్ మూతివంకే కళ్లార్పకుండా చూస్తూ, ఆ ప్రశ్ననే పెదవులతో తిరిగి అన్నాడు.

“చూశావా అన్నా, నీ తిట్లు కూడా బట్టీ పట్టేస్తున్నాడు,” అన్నాడు బెర్నాల్.

అందరూ నవ్వారు. హినేస్‌కు ఒళ్లు మండి చెంప ఛెళ్లుమనిపించాడు. అతను గొంతులో ఏదో గొణిగాడు. ఎవరికీ అర్థం కాలేదు. వెక్కిరిస్తున్నాడనుకున్నారు.

రాసే చెయ్యి ఇక రాయకుండా చూడమని సలహా ఇచ్చింది బెర్నాలే. ఆ చేతిని ద్వారబంధానికి అదిమిపట్టిందీ వాడే. తలుపు మూసింది మాత్రం హినేస్.

కొన్నాళ్లకు తల్లికి జబ్బుగా ఉందంటూ బెర్నాల్ ఊరికి బయల్దేరాడు. పాపం, హినేస్ దగ్గరుండి గాడిద ఎక్కించాడు.

మరి కొన్నాళ్లకు తొలేదో నగరం నుంచి వచ్చిన గాడిదలవాడొకడు సత్రంలో ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అక్కడ ఆడుతున్న కొత్త నాటకంలో రాణి పాటట. విదూషకుడైతే కడుపుబ్బ నవ్వించాడట. పేరు బెర్నాల్ అట.

హినేస్ ఆ పాట మళ్లీ పాడించుకుని విన్నాడు.

అది తన కొత్త నాటకంలోదే. మరీ పొడుగైందని మొదటి ఆట నాటి పొద్దున తనే తీసేశాడు. సెవిల్‌లో ఒక్క ప్రేక్షకుడూ దాన్ని వినలేదు. విన్నది తన బృందమే. ఒకే కంచంలో తిన్నవాడే గొంతు కోశాడు.

హినేస్ సిగ్గు విడిచి ఏడ్చాడు. ఏడుస్తుంటే తలుపు సందులో నలిగిన చెయ్యి గుర్తొచ్చింది.

ఆవరణ గుమ్మంలో బాదంపప్పులు అమ్మే కసీల్దా దగ్గరికి పరుగెత్తి, చెయ్యి నలిగిన ఆ మనిషి ఎక్కడున్నాడని అడిగాడు.

“తోమే గురించా? చెల్లెలి ఊరికి పోయాడయ్యా. ఆ చెయ్యి ఇక పనికిరాదట.”

“దొంగను కాదని ఒక్క మాట చెప్పకపోయాడా, కసీల్దా?”

“ఎలా చెబుతాడయ్యా? చిన్నప్పట్నుంచీ చెవుడు, మాటా సరిగ్గా రాదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి, తనూ అలాగే కదిపి, మాట పోల్చుకుంటాడు. నాటకమంటే పిచ్చి ఆయనకు. జనం ఈలలు వేసినా వినబడవుగా. మీ మొదటి నాటకం నాడూ అంతే, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.”