కలిసిపోయే పిల్ల

ఆ రోజు తెనాలిలోని ఆ ఇంట్లో ఉన్నది అయిదుగురు. జాకెట్ల మీద మగ్గం పని చేయించే సీతాలక్ష్మి, ఆమె దగ్గర పనిచేసే అంకమ్మ, దీప్తి, బ్లెస్సీ, పొద్దున్నే పిట్టలవానిపాలెం నుంచి బస్సులో వచ్చిన సుజన. నలుగురు కూర్చున్నారు. సుజన నిలబడింది.

“కుట్టడం ఎవరికైనా వస్తుందమ్మా,” అంది సీతాలక్ష్మి. “నాకు టీములో కలిసిపోయే పిల్ల కావాలి. ఇవాళంతా వీళ్లతో చేసి చూడు. సాయంత్రం ముగ్గురూ సరేనంటే ఉద్యోగం. ఒక్కరు పెదవి విరిచినా నీ బస్సు నువ్వెక్కాల్సిందే.”

“అలాగేనండి,” అన్న మాట సుజనకే సరిగా వినపడలేదు.

ఆవిడ లోపలికి వెళ్లగానే పాఠం మొదలైంది. మగ్గానికి బిగించి ఉన్నది బాపట్ల పెళ్లికూతురి జాకెట్టు గుడ్డ. సాయంత్రానికి పని పూర్తి కావాలి.

“టీమంటే ఏంటో తెలుసా పిల్లా?” అంది అంకమ్మ. “ఒకరి నొప్పి అందరిదీ అనుకోవాలి.” అలా అనుకోవడానికి వీలుగా, “అబ్బా, నా నడుం!” అంటూ చాప మీద వాలిపోయింది.

“అడక్కముందే సాయం చెయ్యాలి,” అంటూ దీప్తి తన సూదిని సుజన చేతిలో పెట్టి, మోగని ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి నడిచింది.

“అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడి మాట మేడం చెవిన పడకూడదు,” అంటూ బ్లెస్సీ గోళ్లరంగు సీసా తెరిచింది. “ఇది ఆరేదాకా నేను సూది ముట్టుకోలేను కదా మరి.”

సుజన మగ్గం చుట్టూ తిరుగుతూ కుట్టింది. అంకమ్మ వదిలేసిన తీగలు, దీప్తి వదిలేసిన మామిడిపిందెలు, బ్లెస్సీ మొదలే పెట్టని నెమలి. మధ్యలో టీ కూడా తనే పెట్టింది. పంచదార తక్కువైందని ముగ్గురూ ఒక్క మాట మీద చెప్పారు. ఐకమత్యమంటే అది.

సాయంత్రం సీతాలక్ష్మి గాజుల చప్పుడు వినపడగానే అంకమ్మ నడుం బాగైపోయింది, దీప్తి ఫోను కట్టయింది, బ్లెస్సీ గోళ్లు ఆరిపోయాయి. ముగ్గురూ మగ్గం మీదికి వంగారు.

“అబ్బ! ఈ నెమలి ఎవరు కుట్టారే?”

“మేమేనండి!”

“మరి సుజన?”

“పూసలు అందించిందండి,” అంది దీప్తి. “పాపం, మెల్లిగా నేర్చుకుంటుంది.”

సుజన నోరు తెరిచింది. అంకమ్మ ఆమె వంక ఒక్క చూపు చూసింది.

“అవునండి,” అంది సుజన.

నలుగురూ లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. గుసగుసలు, మధ్యలో బ్లెస్సీ నవ్వు. సుజన నీళ్ల సీసా సంచిలో సర్దుకుంది.

వాళ్లు బయటికొచ్చేసరికి నలుగురి జడల్లోనూ మల్లెపూలున్నాయి.

“ఉద్యోగం నీదేనమ్మా!” అంది సీతాలక్ష్మి. “ఈ ముగ్గురూ ఒకరిని ఇంతగా మెచ్చుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు. నువ్వు లేకపోతే టీమే లేదంటున్నారు.”

సుజనకు కళ్లు నిండాయి. అంకమ్మ ఆమె బుగ్గలు పుణికింది.

“బాపట్ల వెళ్లి ఇది ఇచ్చేసి రావాలి,” అంది దీప్తి జాకెట్టు గుడ్డను మగ్గం మీంచి విప్పి మడత పెడుతూ. “పెళ్లివాళ్లు టీమంతా భోజనానికి రావాల్సిందేనని కారు కూడా పంపించారు.”

సీతాలక్ష్మి వెళ్లి కారెక్కింది. సుజన గబగబా జడ సవరించుకుని, గుమ్మం దాటి, ఒక కాలు చెప్పులో పెట్టింది.

“నువ్వెక్కడికే, పిచ్చిపిల్లా?” బ్లెస్సీ ఆమె భుజాలు పట్టుకుని లోపలికి తిప్పింది. అంకమ్మ అప్పటికే మగ్గానికి ఇంకో గుడ్డ బిగించేసి, చేతులు దులుపుకుని బయటికి వస్తోంది. “అది పెళ్లికూతురి చెల్లెలిది, రేపు పొద్దున్నే ఇవ్వాలి. టీమన్నాక ఒక్కరన్నా పనిచెయ్యాలి కదా!” అని బ్లెస్సీ తలుపు మూసి, బయట గొళ్లెం పెట్టింది.