బీటల నేల ఫోటో

“ఈ పేపర్లో ఉండేది నేనే. సరిగా చూడండప్పా!”

బయ్యన్న దినపత్రికను రెండు చేతులతో పైకెత్తి చుట్టూ తిప్పి చూపించాడు. ముదిగుబ్బ రైతు సదస్సుకు వచ్చిన రెండు వందల మందీ అతని వైపు తిరిగారు. వేదిక మీద మాట్లాడుతున్న వ్యవసాయ శాస్త్రవేత్త హరిత ఆగిపోయింది.

ఫోటోలో బయ్యన్న తల మీద చేయి పెట్టుకుని, బీటలు వారిన నేల మీద గొంతుకూర్చుని ఉన్నాడు. పైన ‘భూతాపానికి మాడిన బతుకు’ అని పెద్ద అక్షరాలు.

“ఇది నా చేను కాదు మేడం. గొర్రెలు నీళ్ళు తాగే కుంట. నీళ్ళు ఇంకిపోతే ఏటా బీటలు కొడ్తాది. పేపరాయన వచ్చి ఈడ కూర్చో, తల మీద చెయ్యి పెట్టుకో అంటే పెట్టుకున్న్యా. ఇప్పుడు సంతకు పోతే నన్ను ఏడుపు బయ్యన్న అంటాండారు!”

కొందరు నవ్వారు. బయ్యన్న నవ్వలేదు.

“ఫోటోనే అబద్ధం అయినప్పుడు మీ ఎండల లెక్క నిజమని ఎట్ల నమ్మేది? మా తాత కాలంలోనూ కరువే. రేపు వాన పడతాదో లేదో చెప్పలేనోళ్ళు, ముప్పై ఏండ్లకు ఏమయితాదో చెప్తారా?”

చప్పట్లు హోరెత్తాయి.

“ఫోటో సంగతి నాకు తెలియదు,” అంది హరిత. “కరువు మీకు కొత్త కాదన్నదీ నిజమే. కానీ వేడి పెరుగుతోంది. వానకూ వానకూ మధ్య ఎడం పెరుగుతోంది. కొలిచి చూసే చెబుతున్నాం. నేలంతా వేరుశనగే వెయ్యకండి, కొంతలోనైనా కొర్ర వెయ్యండి అంటున్నాను. అంతే.”

“కొర్ర కొనేదెవురు, ఆ పేపరాయనా?” అని బయ్యన్న ఊరివాడే అయిన నల్లప్ప అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు.

ఆ పేపరాయన వెనక బెంచీలోనే ఉన్నాడు. పేరు వేణుగోపాల్. ధర్మవరంలో కిరాణా కొట్టు నడిపే కుటుంబంలోవాడు, విలేకరిగా చేరి నాలుగేళ్ళయింది. భూతాపం మీద ప్రత్యేక పేజీ, సాయంత్రానికల్లా మంచి ఫోటో కావాలని ఆఫీసు నుంచి ఫోనొస్తే, దారిలో కనిపించిన కుంటలో బయ్యన్నను కూర్చోబెట్టాడు. ఎండా వానా కొలిచి రాసిన హరిత ఆఫీసు రిజిస్టర్లు కూడా అతను చూశాడు. ముప్పై ఏళ్ళ అంకెలు, ఒక్కొక్కటీ చేత్తో రాసినవి. ఆ లెక్కల్లో అతనికి ఏ అనుమానమూ లేదు.

లేచి, ‘ఫోటో తప్పు నాది, ఆమె లెక్కలు తప్పు కాదు’ అంటే చాలు. అతను లేవలేదు. తల దించుకుని కూర్చున్నాడు.

మర్నాడు పత్రికలో ‘శాస్త్రవేత్తను నిలదీసిన రైతు’ అని వార్త వచ్చింది. రాసిందీ అతనే. ఫోటో ఎవరు తీశారో అందులో లేదు.

హరిత ఫోన్ చేసింది. “ఆ ఫోటో తీసింది మీరేనా?”

“కాదండీ. డెస్కు వాళ్ళు ఎక్కడిదో వేశారు.”

“అలాగా,” అని పెట్టేసింది. ఆ ఒక్క మాట అతనికి ఎన్నో రోజులు అన్నం సయించనివ్వలేదు.

జూలైలో మంచి వాన పడింది. అందరూ వేరుశనగ వేశారు. పైరు పూతకొచ్చాక నలభై రోజులు చుక్క రాలలేదు.

సెప్టెంబరులో వేణుగోపాల్ బయ్యన్న ఊరికి బయలుదేరాడు. దారి పొడుగునా పైరు ఎండి నేలకు అంటుకుపోయి ఉంది. నల్లప్ప తన చేలోకి గొర్రెలను తోలేశాడు. రోడ్డు పక్కనున్న బయ్యన్న చేనూ అలాగే ఉంది.

బయ్యన్న భార్య బయమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగలేదు.

“అన్నా, ఆ పొద్దు నేను హాల్లోనే ఉన్నాను. లేచి నిజం చెప్పుంటే మీరంతా ఆమె మాట వినేవాళ్ళు. ఊరు ఊరంతా నా వల్ల నష్టపోయింది.”

బయ్యన్న గుట్ట వైపు చూశాడు. బయమ్మ లోపలి నుంచే, “తీసకపోయి చూపించు. ఎన్ని దినాలు దాచిపెడ్తావు?” అంది.

ఇద్దరూ ఊరి వెనక గుట్ట ఎక్కి అవతలికి దిగారు. అక్కడ, పక్క ఊరి పొలిమేరలో, ఒకటిన్నర ఎకరా కొర్ర కంకులు వేసి వంగి ఉంది.

వేణుగోపాల్ ముఖం వికసించింది. “ఒక్కరైనా విన్నారు! ఫోటో తీసి, పేరుతో సహా ఉన్నదున్నట్టు రాస్తానన్నా ఈసారి. ఎవరిదీ చేను?”

“పేరు రాయొద్దు.”

“ఎందుకు?”

“ఆ మనిషి ఊర్లో తలెత్తుకోలేడు.”

“ఆమె మాట నమ్మినందుకా?”

“నమ్మి, ఎవురికీ చెప్పనందుకు.” బయ్యన్న కంకుల వైపే చూస్తున్నాడు. “ఆయప్పా సదస్సుకు వచ్చినాడు. ఆ మేడం లెక్కలకు అందరూ నవ్వుతాంటే, యెనక బెంచీలో నువ్వు తల దించుకునేది చూసినాడు. అబద్ధమంతా ఫోటోలోనే ఉండాది, ఆ మేడం మాటలో లేదని అప్పుడే తెలిసిపోయింది. కానీ చప్పట్లు ఇంకా చెవుల్లో మోగతాండె. నోరు రాలేదు.”

“నల్లప్ప వాళ్ళకైనా, తర్వాతైనా చెప్పుండొచ్చు కదన్నా! ఎవరు ఆ మనిషి?”

బయ్యన్న తల దించుకున్నాడు.

“నేనేప్పా.”